మా ఇంటి తుపాకీ, ఆమె తుపాకులు

ఫిబ్రవరి ఆరో తేదీ, మంగళవారం, సాయంత్రం అయిదుంబావు. మా వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని టీ తాగుతూ, మా ఇంట్లో గది అద్దెకు తీసుకున్న అమెరికావిడ ఒక మాట చెప్పింది. వాళ్ల నాన్న ఆమెకు మొదటి తుపాకీ కొనిచ్చినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లట. మొదటి సైకిలు గురించి చెప్పినట్టు చెప్పింది. నేను గోడ గడియారం వైపు చూశాను. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని. ఏదైనా మొదలవుతోందని తోస్తే ముందు టైము చూసుకోవడం నాకు అలవాటు.

మా తోటికోడలు అక్కడే చేటలో మినపప్పు బాగుచేస్తోంది. వాళ్లది పక్కిల్లే. రెండిళ్లకూ మధ్య తలుపు ఉంది గానీ దానికి ఏనాడూ గొళ్లెం పెట్టలేదు. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా ‘గన్’ అన్న మాట ఎవరికి తెలియదు?

“ఏటప్పా, తుపాకీ అంటన్నాది? ఎవుల్ని కాల్చిందేటి?” అంది నాతో.

“ఎవర్నీ కాల్చలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చాడట.”

“సిన్నపిల్లకా? ఓలమ్మ! మా మనవరాలు గుంటకి నాను కత్తిపీటే ముట్టనివ్వను.”

అమెరికావిడకు ఆ మాట అర్థమై పకపకా నవ్వింది. ఆమె తెలుగు నేర్చుకున్నది మా కళింగపట్నం రేవులో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల దగ్గర. అందుకని పొద్దున్నే నన్ను “ఏటి టీచరమ్మా, టీ తాగీసినావా?” అని పలకరించేది. మొదటి వారం నాకు ఒళ్లు మండింది. తరవాత అలవాటైంది. పెద్ద విషయాలు మాత్రం ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్లం.

ఆమె వచ్చింది తాబేళ్ల కోసం. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా సముద్రపు తాబేళ్లు మా తీరంలో ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. నక్కలూ కుక్కలూ తినకుండా ఆ గుడ్లు ఏరి, వల కట్టిన ఆవరణలో పూడ్చిపెట్టి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతారు. ఎన్ని గుడ్లకు ఎన్ని పిల్లలు వచ్చాయో లెక్క తీయడం ఆమె పని. కిందటేడు మరో తీరంలో సగం లెక్క తీసింది. ఈ కాలం ఏప్రిల్ చివరిదాకా పూర్తిగా తీస్తేనే రెండేళ్ల శ్రమ నిలుస్తుందని, మధ్యలో ఆగితే రెండూ పనికిరావని వచ్చిన రోజే చెప్పింది. పిల్లలు బయటికొచ్చేది తెల్లవారుజామున. శ్రీకాకుళంలో లాడ్జి తీసుకుంటే ఆ వేళకు ఇసుక మీదికి చేరలేదు. ఊళ్లో తెల్లవాళ్లకు గది ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు. అంచేత నా గది ఆమెకు ఎంత అవసరమో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఊరివాళ్లు ఆమెకు తాబేళ్లమ్మ అని పేరు పెట్టారు. నలభై దాటిన మనిషి. ఇంటి తాళంచెవి ఒకటి ఆమెకిస్తే తన గుత్తికి తగిలించుకుంది. ఆ గుత్తికి చిటికెనవేలంత ఇత్తడి గొట్టం ఒకటి వేలాడేది. ఈల అనుకున్నాను.

“ఇప్పుడూ ఉన్నాయా నీ దగ్గర తుపాకులు?” అని ఆ సాయంత్రమే అడిగాను.

“మూడున్నాయి. ఒకటి లేళ్ల వేటకి. ఒకటి నాన్నది. ఒకటి చిన్నది, మంచం పక్క సొరుగులో ఉంటుంది.”

“మంచం పక్కనా? ఎందుకు?”

“ఎవరైనా ఇంట్లోకి వస్తే.”

“ఎవరొస్తారు?”

“ఇంతవరకూ ఎవరూ రాలేదు” అంది.

ఈ మాటలు నేను తోటికోడలికి తెలుగులో చెప్పకుండా ఉండవలసింది. కానీ ఆమె నా మొహమే చూస్తూ కూర్చుంది, చెప్పాను. మరునాటి నుంచి ఆమె మా ఇంట్లోకి వచ్చేముందు దగ్గడం మొదలుపెట్టింది. పెళ్లై వచ్చినప్పటి నుంచి మజ్జిగకో చింతపండుకో నేరుగా వంటింట్లోకి వచ్చి, కావలసింది తీసుకుని, తరవాత చెప్పే మనిషి. అలాంటిది మధ్య తలుపు దగ్గర ఆగి రెండుసార్లు గట్టిగా దగ్గి, “నానే, నానే” అంటూ వచ్చేది.

“జలుబు చేసిందా?” అని అడిగాను.

“జలుబేటి? తెలీకుండా వొస్తే కాల్చీదా ఆవిడ?”

“తుపాకీ అమెరికాలో ఉందే.”

“మూడున్నోళ్లు ఒకటి పట్టుకురారేటి?”

నవ్వాను గానీ, ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. నాకూ తెలిసిందేముంది? అమెరికా అంటే టీవీలో చూసిందే. బడి ముందు పోలీసు బళ్లు, చేతులు పైకెత్తుకుని వరసగా బయటికొచ్చే పిల్లలు, కొవ్వొత్తులు. అది చూసినప్పుడల్లా నేను నా తరగతి గది తలుచుకునేదాన్ని. ఒక్క తలుపు, గొళ్లెం సరిగా పడదు, అరవై మంది పిల్లలు. ఆ తలుపులోంచి ఎవడైనా తుపాకీతో వస్తే నేను ఏ బెంచీ వెనక ఎంతమందిని దాచగలను అని లెక్క వేసేదాన్ని. ఎంత వేసినా చాలేది కాదు. ఈవిడ ఆ దేశం మనిషి. ఆ లెక్క ఈవిడ ఎప్పుడైనా వేసిందా అని అడిగాను.

“మా అక్క టీచరు. రోజూ వేస్తుంది” అంది.

“మరి మీ మూడు తుపాకులు?”

“అవి మావి కదా” అంది.

ఆ రోజు నుంచి నేనూ ఆమెను గమనించడం మొదలుపెట్టాను. పొద్దున్న ఎన్నింటికి వస్తోంది, సంచీ ఏ చేత్తో పట్టుకుంటోంది, బరువుగా ఉందా తేలిగ్గా ఉందా. గది ఊడవడానికని వెళ్లి ఆమె పెట్టె వైపు చూసేదాన్ని. తెరవలేదు. చూడడం మాత్రం చూశాను.

ఇప్పుడు మా ఇంటి తుపాకీ సంగతి చెప్పాలి. మాకు సరుగుడు తోటల పక్కన ఎకరంన్నర వేరుసెనగ చేను ఉంది. తోటల్లోంచి అడవిపందులు చీకటి పడే వేళకు చేలో దిగి, కాయ కోసం మొక్కల్ని మొదలంటా తవ్వేస్తాయి. అందుకని మా ఆయన పంట కాపలాకు లైసెన్సు పెట్టి ఒంటి గొట్టం తుపాకీ కొన్నారు. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మార్పించుకున్నాను. పందిని కాల్చను. గట్టు మీద నిలబడి సముద్రం వైపు ఆకాశంలోకి ఒక్కటి పేలుస్తాను. చప్పుడుకు అవి తోటలోకి పారిపోతాయి, నాలుగైదు రోజులు రావు. నా దృష్టిలో అది గునపం లాంటిదే, నూతి గిలక లాంటిదే. ఇంట్లో తుపాకీ ఉందని ఏనాడూ అనుకోలేదు. బీరువాలో పట్టుచీరల వెనక ఉంటుంది, బీరువా తాళం నా బొడ్లో ఉంటుంది.

ఆ నెల చివర్లో ఒక సాయంత్రం మా చేను చూసే అతను పరిగెత్తుకొచ్చాడు. “అమ్మా, పందులు దిగిపోనాయి. తొరగా రండి!”

నేను చీర కుచ్చెళ్లు ఎగదోపి, తుపాకీ భుజాన వేసుకుని వసారాలోకి వచ్చాను. అమెరికావిడ అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటోంది. నన్ను చూసి తువ్వాలు కింద పడేసింది.

“ఏటిది?” అంది. తరవాత ఇంగ్లీషులో, “ఇది ఇన్ని రోజులూ ఇంట్లోనే ఉందా?” అని అడిగింది.

“ఉంది. పందులకు.”

“నాకు చెప్పలేదు!”

“నువ్వు అడగలేదు.”

వెనకే చేనుకు వచ్చింది. నేను పేల్చాను. పందులు పోయాయి. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ప్రశ్నలే. తూటాలు విడిగా పెడతారా? బీరువా తాళం ఇంకెవరి దగ్గరైనా ఉందా? ఇంటికి పిల్లలు వస్తారా? కోపం వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారు?

“కోపం వస్తే గుణకారాలు ఇస్తాను” అన్నాను. అన్నానే గానీ లోపల భగ్గుమంది. తొమ్మిదేళ్లకు తుపాకీ పట్టిన మనిషి డెబ్బై రెండేళ్ల నన్ను పరీక్ష చేస్తోంది! ఆ రాత్రి ఆమె గదికి లోపల గొళ్లెం పెట్టుకున్న చప్పుడు వినిపించింది. అంతకు ముందు ఎప్పుడూ పెట్టుకోలేదు. నేనూ లేచి, నా గది గొళ్లెం పెట్టుకున్నాను.

మార్చిలో ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులున్న వాళ్లం వాటిని పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకోవాలి. మా ఆయన ఉన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. తుపాకీకి గుడ్డతో నూనె పట్టించి, పాత నేతచీరలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్తాను. దారిలో ఎవరైనా అడిగితే “ఎన్నికలొచ్చాయి కదా” అంటాను, వాళ్లకు అర్థమవుతుంది.

ఆ ఉదయం అమెరికావిడ కూడా ఆటో ఎక్కింది. ఇలాంటిది చూడాలని ఉందంది.

“వాళ్లు అడిగారు, మీరు ఇచ్చేస్తున్నారు. అంతేనా?”

“అంతే. రసీదు ఇస్తారు.”

“తిరిగి ఇవ్వకపోతే?”

“ఎందుకివ్వరు?”

“మా నాన్నను ఇలా అడిగి ఉంటే తుపాకీ పట్టుకుని కొండెక్కి కూర్చునేవాడు” అంది. నవ్వుతూనే అంది. ఆటో అతను అద్దంలోంచి ఆమెను చూశాడు. నేనూ చూశాను. ప్రభుత్వం అడిగితే ఇవ్వని మనిషి కూతురు నా ఇంట్లో, నా తాళంచెవితో తిరుగుతోందని ఆ క్షణంలో నాకు స్పష్టంగా తోచింది.

స్టేషన్లో రాసుకునే కానిస్టేబులు నా పాత విద్యార్థే. కుర్చీ వేశాడు. “రండి టీచరమ్మా. మీ తుపాకీ వస్తే గానీ నాకు ఎన్నికలు వొచ్చినట్టు ఉండదు” అన్నాడు. నంబరు చూసుకున్నాడు. తలెత్తకుండానే, ప్రతిసారీ అడిగేది అడిగాడు. “ఇంట్లో ఇంకేటైనా ఆయుధాలు ఉన్నాయా?”

ప్రతిసారీ నేను “లేవు” అంటాను. ఈసారి “నాకు తెలిసినవి లేవు” అన్నాను.

అతను తలెత్తాడు. నా వెనక నిలబడి ఉన్న ఆమెను చూశాడు. ఆమె నా వైపు చూసింది. రేవులో నేర్చుకున్న తెలుగు ఆ మాటకు సరిపోయింది.

ఇప్పుడు అడిగినా నేను అదే జవాబు ఇస్తాను. ఆమె పెట్టె నేను తెరవలేదు. తెరవని పెట్టెలో ఏమీ లేదని ఎలా చెప్పను? బోర్డు మీద అలా రాసిన పిల్లవాడికి నేను మార్కులు వేసేదాన్ని కాదు.

మరునాడు పదకొండు గంటలకు అతనూ, ఒక ఆడ కానిస్టేబులూ వచ్చారు. “ఎన్నికలు కదమ్మా. ఊరికే సూసి పోతాం” అన్నారు. మధ్య తలుపు దగ్గర తోటికోడలు దగ్గకుండానే నిలబడి చూస్తోంది. అమెరికావిడ అభ్యంతరం చెప్పలేదు. పెట్టె తానే తెరిచింది. టేపులు, ప్లాస్టిక్ సంచులు, టార్చిలైట్లు, ఇసుక అంటిన చెప్పులు, తాబేళ్ల బొమ్మలున్న పుస్తకం. ఇంకేమీ లేదు. ఆడ కానిస్టేబులు వెళ్లబోతూ, తలుపు పక్క మేకుకు వేలాడుతున్న తాళాల గుత్తి అందుకుంది.

“ఇదేటి?”

ఇత్తడి గొట్టం. ఈల కాదు. కాల్చేసిన తూటా తొడుగు.

“నాన్నది” అంది ఆమె. ఆమె కళ్లు తుడుచుకుంది. వాళ్ల నాన్న సైన్యంలో పనిచేశాడట. ఆయనను పూడ్చిపెట్టిన రోజు గౌరవంగా ఆకాశంలోకి తుపాకులు పేల్చారట. అప్పుడు రాలిన తొడుగుల్లో ఒకటి తీసి కూతురి చేతిలో పెట్టారట. ఇంగ్లీషులో చెప్పింది. నేను ఒక్క ముక్క కలపకుండా, తీయకుండా తెలుగులో చెప్పాను.

“కాల్చీసిందే కదా, పోనీ” అంది ఆడ కానిస్టేబులు.

“కాల్చీసిందైనా తూటా తూటాయే. పరదేశీ మనిషి దగ్గర, ఎన్నికల టైములో! పైవాళ్లకి నానేటి సెప్పుకుంటాను?” అన్నాడు నా విద్యార్థి.

మా వైపు మనిషి పోతే అస్థికలు వంశధారలో కలుపుతాం. పేలిన ఇత్తడిని తాళాలకు కట్టుకుని ఊళ్లు తిరగం. ఆమె చెప్పింది నిజమే కావచ్చు, ఆ కన్నీళ్లూ నిజమే కావచ్చు. నాకు మాత్రం ఒకటే కనిపించింది. ఇన్నాళ్లూ నా ఇంటి తాళంచెవి ఒక తూటాకు వేలాడుతూ ఉంది.

ఆమెను సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు, మాటలు తెలుగులో చెప్పడానికి నేనూ వెళ్లాను. కేసు పెట్టలేదు. తొడుగు మాత్రం ఉంచేసుకున్నారు. పోలింగు అయ్యేదాకా శ్రీకాకుళంలో, తమ కళ్ల ముందు ఉండే లాడ్జిలో ఉండమన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను పూచీ పడి, మా ఇంట్లోనే ఉంటుందని గట్టిగా చెప్పి ఉంటే నా విద్యార్థి కాదనేవాడు కాదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఆమె తాబేలు పిల్లల లెక్క ఆ ఒక్క మాట మీద ఉంది. నేను గోడ మీద గడియారం చూశాను. ఆరుకు అయిదు నిమిషాలు తక్కువ. ఏమీ చెప్పలేదు.

మరునాడు పొద్దున్న ఆమె పెట్టె సర్దుకుంది. తాళంచెవి నా చేతిలో పెట్టింది.

“మీ ఇంట్లో తుపాకీ ఉందని మా అమ్మకు నేను ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఆ రోజే వెనక్కి వచ్చెయ్యమనేది” అంది.

“ఇంట్లో మూడు పెట్టుకున్నవాళ్లకు నా ఒక్క తుపాకీ అంటే భయమా?”

“ముక్కూ మొహం తెలియనివాళ్ల తుపాకీ కదా” అంది. ఎగతాళి కాదు. నిజంగానే అంది. ఆటో కదిలేటప్పుడు తెలుగులో, “పందులొస్తే జాగర్త టీచరమ్మా” అంది.

పందులు వచ్చాయి. తుపాకీ స్టేషన్లో ఉంది. మా చేను చూసే అతను రేకు డబ్బా వాయించాడు, టపాకాయలు పేల్చాడు. రెండో వారానికి వాటికి అది అలవాటైపోయింది. “డబ్బా వాయిస్తే తల తిప్పి సూస్తన్నాయమ్మా, సినిమాకొచ్చినట్టు!” అని వచ్చి చెప్పాడు.

ఆమె శ్రీకాకుళం నుంచి కొన్నాళ్లు మొదటి బస్సుకు వచ్చి చూసింది. వచ్చేసరికి పిల్లల్ని సముద్రంలోకి వదిలేసేవాళ్లు. ఇసుక మీద గీతలు మాత్రం ఉండేవి. గీతల్ని లెక్కపెట్టలేమని రేవు ఆడవాళ్లతో చెప్పి, ఏప్రిల్ మధ్యలో వెళ్లిపోయిందట. మా ఇంటి వైపు రాలేదు.

ఆమె వెళ్లాక తోటికోడలు దగ్గడం మానేసింది. నిశ్శబ్దంగా వచ్చి, చింతపండు తీసుకుని, తరవాత చెప్పేది. పాత రోజులు వచ్చాయనుకున్నాను. జూన్‌లో ఓట్ల లెక్కింపు అయ్యాక, పాత నేతచీరలో చుట్టిన తుపాకీని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ సాయంత్రం మధ్య తలుపు దగ్గర గట్టిగా రెండుసార్లు దగ్గు వినిపించింది.

“నానే, నానే.”

“ఇప్పుడెవరున్నారే? ఆవిడ వెళ్లిపోయింది కదా” అన్నాను.

“నువ్వున్నావు కదప్పా” అంది.

నవ్వుతూ అందేమో అని మొహం చూశాను. నవ్వడం లేదు. చింతపండు అడిగి తీసుకుని వెళ్లింది.

ఆ ఏడు పోయినవి ఇవి. వేరుసెనగ, నలభై సెంట్ల మేర. స్టేషన్ గదిలో చెమ్మకు తుపాకీ గుర్రం, అంటే తూటాను కొట్టే మీట, తుప్పు పట్టింది, ఇప్పుడు సరిగా పడడం లేదు. తాబేలు పిల్లల లెక్కలో చివరి అయిదు వారాలు, వాటితోపాటు ఆమె రెండేళ్లు. ఇత్తడి తొడుగు ఒకటి, ఇప్పటికీ స్టేషన్లోనే ఉంది. అద్దె గది అప్పటి నుంచీ ఖాళీ. దగ్గకుండా వంటింట్లోకి వచ్చే మనిషి ఒకరు.